కుడివైపు స్పీకర్

జూన్ 14, 2009, ఆదివారం

చర్చిలో మైకు మళ్ళీ పాడైంది. జకరయ్య అయ్యగారి ప్రసంగం సగం వినపడలేదు. బయటికొచ్చాక మా ఆయనతో అంటే, "బానే వినపడిందిగా" అన్నారు. ఆయనకు ఎలాగైనా బానే ఉంటుంది. ప్రసంగం మొదలవగానే కునుకు తీస్తారు.

రెండో కీర్తన రూబీ నాకంటే ముందు ఎత్తుకుంది. పెళ్ళయి తెనాలి వచ్చిన దగ్గర్నుంచీ ఈ క్వయర్‌లో పాట ఎత్తుకునేది నేను. ఆ పిల్ల మంచిదే, గొంతూ మంచిదే. తొందరెక్కువ. ప్రాక్టీసులో చెప్పాలి.

భోజనాలయ్యాక పాటలు పెట్టుకుంటే కుడివైపు స్పీకర్ తేడాగా ఉంది. ముసుగు తన్ని పడుకుని పాడుతున్నట్టుంది. పెళ్ళయిన కొత్తలో స్కూటర్ కోసమని దాచినదంతా పెట్టి ఆ స్పీకర్లు, ఆంప్లిఫయర్ కొన్నాం. మా ఆయన సుందరయ్య గారు ఇప్పటికీ ఆఫీసుకి సైకిలు మీదే వెళ్తారు. ఒక్కనాడు దెప్పలేదు. అలాంటి స్పీకర్ పాడైతే ఊరుకుంటానా?

జూన్ 17, బుధవారం

గాంధీచౌక్ దగ్గర కంప్యూటర్లు, సౌండ్ సామాను అమ్మే అయాజ్‌ని పిలిపించాను. సాయంత్రం వచ్చాడు. రెండు స్పీకర్ల ముందూ మార్చి మార్చి కూర్చున్నాడు.

"రెండూ ఒకేలా మోగుతున్నాయి మేడమ్. ఏం తేడా లేదండి."

"సరిగ్గా విను బాబూ. కుడిది మందంగా లేదూ?"

"లేదండి. సార్, మీరు కూడా వినండి ఒకసారి."

ఆయన విన్నారు. నావంక చూశారు. "నాకేం తెలుస్తుందయ్యా. కరుణ చెప్తోందంటే ఉండే ఉంటుంది" అన్నారు.

అయాజ్ మర్యాదస్తుడు. పని కూడా తెలిసినవాడే. చెవి లేదు, అంతే.

జూన్ 18

బడి నుంచి రాగానే తీగలు మార్చి చూశాను. కుడిది ఎడమకి, ఎడమది కుడికి. అయినా కుడివైపే మందం.

ఎందుకో కుర్చీ తిప్పి, స్పీకర్ల వైపు వీపు పెట్టి కూర్చున్నాను. ఇప్పుడు ఎడమ స్పీకర్ మందం.

కుర్చీ ఎలా ఉండేదో అలా పెట్టేశాను. టీ పెట్టుకున్నాను.

జూన్ 19

ఈ సెట్టు పాతబడిపోయింది. మార్చాలి.

జూన్ 21, ఆదివారం

బాపట్లలో ఉండే మా తమ్ముడు దీపక్‌కి ఫోన్ చేశాను. పాటలు వినే యంత్రాల మీద వాడికున్న పిచ్చి మా ఇంట్లో ఇంకెవరికీ లేదు. అంతా విని, "స్పీకర్లకు ఏమీ అయ్యుండదక్కా. అవి రాళ్ళలాంటివి. నీ సీడీ ప్లేయర్ అరిగిపోయింది. అవతల పారేసి స్ట్రీమర్ కొను" అన్నాడు.

"అదేంటి?"

"చిన్న పెట్టె. నీ సీడీలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించెయ్. ఇంట్లో నెట్ ఉందిగా, దాంట్లోంచి ఈ పెట్టె పాటలు తీసుకొచ్చి ఆంప్లిఫయర్‌కి ఇస్తుంది. కుర్చీలో కూర్చుని ఏ పాట కావాలంటే ఆ పాట. దేశదేశాల రేడియోలు కూడా వస్తాయి."

చూశారా, స్పీకర్లది తప్పు కాదట. పైనుంచి వచ్చేదే చెడిపోయి వస్తోందట. మనసు తేలికపడింది. రెండో శనివారం వస్తే తన దగ్గరున్నది, స్నేహితుడిది, రెండూ వినిపిస్తానన్నాడు. నాకు నచ్చింది కొనుక్కోవచ్చు.

మా ఆయన అడిగారు: "నిజంగా కావాలా?"

కావాలి.

జూన్ 27, శనివారం

క్వయర్ ప్రాక్టీసు. సెప్టెంబరులో రేపల్లెలో అన్ని చర్చిల క్వయర్లూ కలిసి పాడే కూడిక ఉంది. కొత్త కీర్తన మొదలుపెట్టాం. రెండో చరణంలో రూబీ ఆగిపోయింది.

"ఆంటీ, మీరు కొంచెం... పైకి వెళ్తున్నారండి."

"నేనా?"

అందరూ పాటల పుస్తకాల్లోకి తలలు దించేశారు. చిన్నపిల్ల తప్పు పాడితే సరిచేసే పెద్దవాళ్ళు లేరు. ఇదీ ఇప్పటి మన క్వయర్.

జూలై 2

ఈ ఏడు తొమ్మిదో తరగతిలో కుడివైపు బెంచీల పిల్లలు మరీ నోరులేనివాళ్ళు. లెక్క అర్థమైందా అంటే పెదవులు కదుపుతారు, మాట బయటికి రాదు. ఎడమవైపు పిల్లలు మాత్రం గట్టివాళ్ళు. రేపల్లె బడికి వచ్చినప్పటి నుంచి ఇలాంటి క్లాసు చూడలేదు.

జూలై 11, రెండో శనివారం

బాపట్ల వెళ్ళి వచ్చాం. రాయకుండా పడుకోవాలనుకున్నాను. పడుకోలేను.

దీపక్ ముందుగదిలో నన్ను సోఫా మధ్యలో కూర్చోబెట్టాడు. "కళ్ళు మూసుకో అక్కా. ఏ పెట్టె ఏదో నేను చెప్పను. నీకు ఏది బాగుంటే అది చెప్పు" అన్నాడు. నా సీడీలోని పాటే, ముందే కంప్యూటర్‌లోకి ఎక్కించి ఉంచాడు. ఒకసారి వినిపించాడు. కాసేపు ఏవో సర్దుకున్న చప్పుడు. మళ్ళీ వినిపించాడు.

"రెండోదే" అన్నాను, అడగకముందే. "వయొలిన్లు రెండువైపులా నిండుగా పరుచుకున్నాయి. మొదటిదాంట్లో ఇరుగ్గా ఉంది."

కళ్ళు తెరిచేసరికి దీపక్ మా ఆయనవైపు చూస్తున్నాడు. "భోంచేద్దాం రా అక్కా" అన్నాడు. పెట్టెల సంగతి మళ్ళీ ఎత్తలేదు. ఏది ఎవరిదని అడిగితే, "తర్వాత చెప్తాలే" అన్నాడు.

సాయంత్రం మా ఆయన సూర్యలంక వెళ్దామన్నారు. ఆయనకై ఆయన ఎక్కడికీ వెళ్దామనే మనిషి కాదు. ఒడ్డున జనం పల్చగా ఉన్నారు. నీళ్ళ అంచున కొంతదూరం నడిచాక ఆగి చెప్పారు.

"కరుణా, రెండోసారి వినిపించినప్పుడు కుడి స్పీకర్ తీగ పీకేసి ఉంది. పెట్టె కూడా మార్చలేదు. నేనే దీపక్‌ని అలా చెయ్యమన్నాను."

నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒళ్ళు మండిపోయింది.

"నా తమ్ముడి ముందు నన్ను కూర్చోబెట్టి పరీక్ష పెట్టారా? ఇద్దరూ కలిసి?"

"నేను చెప్తే నమ్ముతావా?"

"చెప్పి చూశారా?"

"ఏడాది నుంచి నీ కుడిపక్కనుంచి పిలిస్తే పలకడం లేదు. అందుకే ఇటు తిరిగొచ్చి చెప్తున్నాను. చూడు, ఇప్పుడు కూడా."

నిజమే. ఆయన నా ఎడమపక్కన ఉన్నారు. ఎప్పటినుంచి ఎడమపక్కన నడుస్తున్నారో నాకు తెలియదు.

ఆయన్ని అక్కడే వదిలేసి ముందుకు వెళ్ళాను. కుడి చెవి సముద్రంవైపు పెట్టి, ఎడమ చెవి వేలితో గట్టిగా మూసుకున్నాను. అల లేచింది, విరిగింది, నా కాళ్ళ మీదకి వచ్చింది. పక్కింట్లో ఎవరో బియ్యం చెరుగుతున్నంత చప్పుడు. అంతే.

పొన్నూరు దాటేదాకా ఆయనతో మాట్లాడలేదు. దాటాక కూడా మాట్లాడలేదు.

జూలై 12

చర్చికి వెళ్ళలేదు.

జూలై 15

చెవి డాక్టరు దగ్గరికి వెళ్ళాం. చిన్న గదిలో కూర్చోబెట్టి చెవులకు హెడ్‌ఫోన్లు తొడిగారు. శబ్దం వినపడగానే బొత్తాం నొక్కమన్నారు. ఎడమ చెవికి టకటకా నొక్కాను. కుడి చెవికి ఎంతసేపు కూర్చున్నా వాళ్ళు మొదలుపెట్టలేదు. అద్దం అవతలున్న అబ్బాయిని, "ఎప్పుడు మొదలుపెడతారు?" అని సైగ చేసి అడిగాను.

అతను లోపలికి వచ్చి, "అయిపోయిందమ్మా" అన్నాడు.

నరం దెబ్బతిందట. ఎందుకో కచ్చితంగా చెప్పలేరట. తిరిగి రాదట. మిషన్ పెట్టినా కుడివైపు పెద్దగా లాభం ఉండదట. ఎడమది బాగుంది, కాపాడుకోవాలి, హోరుకు దూరంగా ఉండాలి అన్నారు. నేను తలూపాను. ఇంకా ఏవో చెప్పారు. డాక్టరు నా కుడిపక్కన కూర్చున్నారు.

జూలై 16

సెలవు పెట్టాను. ఊరికే.

జూలై 18, శనివారం

అయ్యగారు ఇంటికి వచ్చారు. ప్రార్థన చేశారు. టీ తాగారు. అసలు మాట చివరికి వచ్చింది.

"ఒక్క ఏడాది విశ్రాంతి తీసుకో అమ్మా కరుణా. క్వయర్ సంగతి రూబీ చూసుకుంటుంది."

"విశ్రాంతి దేనికి అయ్యగారూ? గొంతేమీ అలసిపోలేదు."

"అది కాదమ్మా. రేపల్లెలో నలుగురి ముందు పాడేటప్పుడు శ్రుతి తేడా వస్తే నీకే చిన్నతనం. నీ మంచికే."

"తేడా వచ్చిందని మీరెప్పుడు విన్నారు?"

ఆయన కప్పు కింద పెట్టారు. "ఈస్టర్ నుంచి" అన్నారు.

ఈస్టర్ నుంచి! అందరికీ తెలుసు. మా ఆయనకు తెలుసు, అయ్యగారికి తెలుసు, నా పక్కన నిలబడి పాడిన ప్రతి ఒక్కరికీ తెలుసు. నేనొక్కదాన్నే మైకునీ, స్పీకర్‌నీ, పిల్లల్నీ తిట్టుకుంటూ తిరిగాను. జాలిపడ్డారట. జాలి పడేవాళ్ళు నోరు మూసుకోవాలని ఎక్కడైనా రాసి ఉందా?

ఆయన వెళ్ళేటప్పుడు వాకిలిదాకా సాగనంపాను. "మానను అయ్యగారూ" అని చెప్పాను. "పాడటం మాత్రం మానను."

జూలై 20

క్లాసులో బల్ల కుడి గోడవైపు జరిపించాను. ఇప్పుడు పిల్లలంతా నా ఎడమవైపు. ఆ నోరులేని పిల్లలు ఎంత వాగుడుకాయలో! ఒక పిల్ల చెయ్యెత్తి, "ఎందుకు జరిపారు టీచర్?" అంది. "నాకు కుడి చెవి వినపడదు" అన్నాను. మొదటిసారి పైకి అన్నాను. పిల్లలు "ఓహో" అనుకుని లెక్కలోకి వెళ్ళిపోయారు. ఇంతేనా!

జూలై 22

పొద్దున టిఫిన్ దగ్గర మా ఆయన మెల్లగా, "ఇంక ఆ పెట్టె ఎందుకులే కరుణా. సీడీ ప్లేయర్‌లో దోషం లేదని తేలిందిగా" అన్నారు.

"రెండు చెవులున్నప్పుడు ఏ పెట్టె అయినా సరిపోయేది. ఒక్క చెవి ఉన్నదానికే ఏరి కొనుక్కోవాలి."

ఆయన ఇడ్లీ ముక్క చట్నీలో అద్దారు. "అదీ నిజమే" అన్నారు. మాట్లాడుకోవడం మొదలైంది.

జూలై 25, శనివారం

అయాజ్ షాపుకి వెళ్ళాను. ముందే చెప్పేశాను: "బాబూ, ఆ రోజు స్పీకర్ బానే ఉందన్నావు చూడు, నువ్వన్నది కరెక్టే. నా చెవే పోయింది." పాపం, ఆ అబ్బాయి కుర్చీ జరిపి, "కూర్చోండి మేడమ్" అని రెండుసార్లు అన్నాడు.

హైదరాబాద్ నుంచి తెప్పించగలిగేవి మూడు రకాలున్నాయట. కంప్యూటర్‌లో బొమ్మలు చూపించాడు. ఒకదానికి ముందువైపు పెద్ద రంగుల తెర. ఇంకొకటి దీపక్ మెచ్చుకున్నది, వెండిరంగు పెట్టె, బొత్తాలే లేవు. మూడోది నల్లగా, టిఫిన్ డబ్బాలా ఉంది.

"కంపెనీ వాళ్ళు రెండోదాని సౌండ్ చాలా శుద్ధంగా ఉంటుందంటున్నారండి. పాట ఎలా ఉంటే అలా ఇస్తుంది, దాంట్లో మనం ఏమీ మార్చలేం."

"నాకు మార్చాలి. కుడివైపు వాయించేవీ ఎడమవైపు వాయించేవీ కలిపి ఒక్కదగ్గరే ఇవ్వాలి. ఏ పెట్టె ఇస్తుంది?"

అతనికి తెలియదు. హైదరాబాద్‌కి ఫోన్ చేశాడు. ఒకరు ఇంకొకరికిచ్చారు, ఆయన మరొకరికిచ్చారు. నేను కూర్చున్నాను. చివరికి ఫోన్ పెట్టేసి, "నల్లదాంట్లో ఉందండి. సెట్టింగ్స్‌లో మోనో అని పెట్టుకుంటే రెండూ కలిసిపోతాయంట" అన్నాడు.

"అదే తెప్పించు."

"ఇంకోసారి ఆలోచించుకోండి మేడమ్. దానికి రివ్యూలు అంత బాలేవు."

"రాసినవాళ్ళకు ఎన్ని చెవులు?"

నవ్వాలో వద్దో తెలియకపోయినా నవ్వేశాడు.

జూలై 26

దీపక్ ఫోన్. బాపట్ల తర్వాత మొదటిసారి. ముందు క్షమించమన్నాడు. తర్వాత నల్ల పెట్టె సంగతి విని గగ్గోలు పెట్టాడు.

"మోనోనా? అక్కా, అంత మంచి స్పీకర్లు పెట్టుకుని మోనోనా? పాట చచ్చిపోతుందక్కా. పాపం!"

"పాపం సంగతి అయ్యగారు చూసుకుంటారు. నువ్వు వచ్చి తీగలు బిగించిపో."

ఆగస్టు 8

ఇంకా రాలేదు.

ఆగస్టు 22, శనివారం

వచ్చింది. దీపక్ కూడా వచ్చాడు, మొహం గంటు పెట్టుకుని. అయాజ్, వాడూ కలిసి తీగలు బిగించి, కంప్యూటర్‌తో కలిపి, తెర మీద పాటల పేర్లు కనపడేసరికి కరెంటు పోయింది. ముగ్గురం విసనకర్రలు పట్టుకుని కూర్చున్నాం. మా ఆయన మాత్రం వాకిట్లో నిలబడి కరెంటు ఎప్పుడొస్తుందని ప్రతివాళ్ళనీ అడుగుతున్నారు.

వచ్చింది. మోనో పెట్టించాను. కుడి స్పీకర్ తీగ నేనే తీసేశాను. ఎడమదాన్ని నా ఎడమవైపుకు జరిపించి, శబ్దం తక్కువలోనే ఉంచి, నాకు బాగా తెలిసిన పాట పెట్టాను.

రెండో చరణానికి ముందు ఒక వేణువు వచ్చింది.

ఆ పాటలో కుడివైపు వేణువు ఉంది. స్పీకర్లు కొన్న కొత్తలో దానికోసమే ఆ పాట పెట్టుకునేదాన్ని. ఎప్పుడు పోయిందో తెలియదు. పోయేటప్పుడు చెప్పి పోలేదు. లేకుండానే ఎన్నిసార్లు విన్నానో, బాగుందనుకున్నానో.

మళ్ళీ పెట్టాను. మళ్ళీ వచ్చింది.

"లోతు లేదక్కా దీన్లో" అన్నాడు దీపక్, గొంతు తగ్గించి. ఎడమపక్కనుంచే అన్నాడు.

"లేకపోతే పోనీరా. పాటంతా ఉంది."

నేను ఏడ్చానని మా ఆయన అంటున్నారు. కావాలంటే ఆయన డైరీలో ఆయన రాసుకోవచ్చు.

ఆగస్టు 25

బడి నుంచి వస్తూ రూబీ ఇంటికి వెళ్ళాను. నన్ను చూసి బెదిరింది.

"ఆంటీ, నేను అయ్యగారిని అడగలేదండి. ఆయనే నన్ను చెయ్యమన్నారు."

"నాకు తెలుసులే. నువ్వు ఒక్కదానివే నా మొహం మీద చెప్పావు, పైకి వెళ్తున్నానని. అందుకే నీ దగ్గరికి వచ్చాను. రేపల్లె కీర్తన నువ్వు పాడితే నా కంప్యూటర్‌లో రికార్డు చేసుకుంటాను. వస్తావా?"

"ఎందుకండి?"

"దాంతో కలిసి పాడి, ఎక్కడ తప్పుతున్నానో వింటాను."

అప్పటికప్పుడే చెప్పులు వేసుకుంది.

ఆగస్టు 27

మూడో చరణం. ప్రతిసారీ మూడో చరణం.

ఆగస్టు 28

మూడో చరణం. గొంతు నాది, నా మాట వినదు! మా ఆయన వంటింట్లోంచి, "ఇప్పుడు సరిపోయింది" అన్నారు. సరిపోలేదు. నాకు వినపడింది, సరిపోలేదు.

ఆగస్టు 29, శనివారం

ప్రాక్టీసుకు వెళ్ళాను. నన్ను చూడగానే మాటలు ఆగిపోయాయి. అయ్యగారు కూడా ఉన్నారు. నేను వరసకు కుడి చివరకు వెళ్ళి నిలబడ్డాను.

"పెద్దదానివి, చివర నిలబడటమేంటమ్మా?" అన్నారాయన.

"చివర కాదు అయ్యగారూ. ఇక్కడైతే అందరూ నా ఎడమవైపుంటారు. అందరూ నాకు వినపడతారు." తర్వాత అందరివైపూ తిరిగాను. "నాకు కుడి చెవి పోయింది. ఇంక రాదు. నేను శ్రుతి తప్పితే పుస్తకాల్లోకి చూడకండి. చెప్పండి. చెప్పకపోతేనే నాకు కోపం."

ఒకరిద్దరు కళ్ళు తుడుచుకున్నారు. ఏడవమని చెప్పలేదు.

పాట ఎత్తుకోవడం రూబీకి ఇచ్చాను. ఇచ్చాను అని రాస్తున్నాను. తీసుకున్నారు అని రాయను.

ఒక్కటి మాత్రం నిజం. ఆ పిల్ల ఎత్తుకున్నప్పుడు గుండెలో కలుక్కుమంది. రెండో లైనులో నేను అందుకున్నాను.

సెప్టెంబరు 12

రూబీ ఇప్పటికి నాలుగైదుసార్లు ఆపింది. అయ్యగారు ఒకసారి ఆపారు, చాలా మొహమాటపడుతూ. అలా ఆపడం కూడా ఆయనకు అలవాటవుతుంది.

సెప్టెంబరు 20, ఆదివారం

రేపల్లె కూడిక. పొద్దున పాసింజరులో క్వయరంతా ఒకే పెట్టెలో కూర్చున్నాం. మా ఆయన, దీపక్ కూడా వచ్చారు.

మా వంతు భోజనాల తర్వాత వచ్చింది. హాలు నిండా జనం. నేను కుడి చివర. నాకు కుడివైపు కిటికీ తప్ప ఏమీ లేదు. రూబీ ఎత్తుకుంది. మొదటి చరణం ఒకే గొంతులా వెళ్ళింది. రెండోది ఇంకా బాగా వెళ్ళింది. జనం కదలడం మానేశారు.

మూడో చరణంలో తప్పాను. కొంచెమే. పైకి వెళ్ళిపోయాను. ముందువరసలో ఒకావిడ తలెత్తి చూసింది. దీపక్ కళ్ళు మూసుకున్నాడు. అయ్యగారు నేలవైపు చూశారు. వాళ్ళందరూ విన్నారు.

నేనూ విన్నాను.

ఎవరూ చెప్పక ముందే, ఆ లైను ముగియక ముందే, రూబీ గొంతు ఎక్కడుందో, నాది ఎక్కడుందో నాకు స్పష్టంగా వినపడింది. దిగాను. రూబీ గొంతు అందుకున్నాను. నాలుగో చరణం చివరిదాకా వదల్లేదు.